నల్లమలలో వణుకు: హైదరాబాద్ నుంచి ఒంగోలుకి సైకిల్ మీద

మొదటి రోజు: హైదరాబాద్ – మన్ననూరు

తుక్కుగూడ దాటేసరికి తెల్లవారుజామున ఐదున్నర. ఉగాదికి ఇంకో వారం ఉంది. పగటి ఎండ అప్పటికే ముదిరింది కానీ ఆ వేళకి గాలి ఇంకా చల్లగానే ఉంది. మేమిద్దరం, నేనూ మా పిన్ని కొడుకూ, శ్రీశైలం మీదుగా అడవి దాటి మార్కాపురం, అక్కణ్నుంచి ఒంగోలు చేరాలని బయల్దేరాం.

తమ్ముడు బ్రెవెట్లు, అంటే గడువు పెట్టిన దూరపు సైకిల్ యాత్రలు, తొక్కుతాడు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే ఇరవై గంటల్లో పూర్తి చేయాలి. ఎవరికీ పోటీ కాదు, గడియారంతోనే పోటీ. ఈమధ్య 600 మీద కన్నేశాడు. బరువు తగ్గితే ఎక్కుడు రోడ్లు తేలికవుతాయని రెండు నెలలుగా అన్నం, చపాతీ మానేశాడు. పొద్దున్న పాలు లేని కాఫీ, మధ్యాహ్నం గుడ్లు, పన్నీరు, కూరలు. మనిషి సన్నబడ్డాడు, మొహం కూడా పీక్కుపోయింది.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నా క్యారియర్ సంచిలో బట్టల కన్నా మందులే ఎక్కువ. ఓఆర్ఎస్ పొట్లాలు, గ్లూకోజ్ పొడి, థర్మామీటర్, నాన్న వాడే షుగర్ మీటరు. "ఇదెందుకక్కా, మనకేమైనా షుగరా?" అన్నాడు వాడు. షుగర్ లేనివాళ్లకి కూడా రక్తంలో గ్లూకోజ్ పడిపోవచ్చని చెప్తే నవ్వి ఊరుకున్నాడు.

ఆమనగల్లులో నేను నాలుగు ఇడ్లీలు తిన్నాను, వాడు రెండు ఆమ్లెట్లు తిన్నాడు. వెల్దండ, వంగూరు గేటు దాటాక ఎండ ఎక్కింది. నేను అరగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ వచ్చాను. ఒకసారి అరటిపండు, ఒకసారి నాలుగు బిస్కెట్లు, ఒకసారి పల్లీ పట్టీ ముక్క. ఆకలి వేసేదాకా ఆగను. సైకిల్ మీద ఆకలి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

డిండి జలాశయం దగ్గర చెట్టుకింద కూర్చున్నప్పుడు ఆ లెక్క వాడికి చెప్పాను. మన కాలేయం ఒక చిన్న గాదె. అందులో పట్టే పిండిపదార్థం సుమారు 100 గ్రాములే. కండరాల్లో 400 గ్రాముల దాకా ఉంటుంది కానీ అది కండరాలకే ఖర్చవుతుంది, తిరిగి రక్తంలోకి రాదు. రాత్రంతా మనం నిద్రపోతున్నా మెదడు గంటకి దాదాపు 5 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటూనే ఉంటుంది. కాబట్టి తెల్లారేసరికి గాదె చాలావరకు ఖాళీ. రెండు నెలలుగా అందులో గింజ వేయనివాడు పరగడుపున అడవి ఎక్కితే ఏమవుతుంది?

"కొవ్వు కరుగుతుంది" అన్నాడు.

కరుగుతుంది నిజమే. మెల్లగా తొక్కినంతసేపు కొవ్వు బండి లాగుతుంది. ఎక్కుడు వచ్చి గుండె దడదడలాడినప్పుడు మాత్రం ఒంటికి గ్లూకోజే కావాలి, అదీ అప్పటికప్పుడే కావాలి.

హాజీపూర్ దాటాక దూరంగా నల్లమల గీత కనపడుతుంది. అక్కణ్నుంచి మన్ననూరు దాకా రోడ్డు మెల్లగా లేస్తూ పోతుంది. చీకటి పడకముందే చేరాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి రోడ్డు గేట్లు మూసేస్తారు, అందుకే ఇక్కడే బస. రాత్రి భోజనంలో వాడు కోడికూర తిని అన్నం వదిలేశాడు.

రెండో రోజు: మన్ననూరు – శ్రీశైలం

ఆరింటికి గేటు తీశారు. కార్లు, బస్సులు ముందు పోనిచ్చి వెనక మేం బయల్దేరాం. అమ్రాబాద్ పులుల అడవిలో మార్చి నెలంటే ఆకు రాలే కాలం. టేకు చెట్లు బోసిగా, మధ్యమధ్య మోదుగలు ఎర్రగా. ఇక్కడ సైకిల్ తొక్కడం గొప్ప సుఖం, ఇంజను చప్పుడు లేకుండా అడవి మాట వినొచ్చు. ఫరహాబాద్ దాటేవరకు ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

వాడు తెల్లారి నల్ల కాఫీ మాత్రమే తాగాడు. హోటల్లో ఇడ్లీ ఉంది, తినమన్నాను. "శ్రీశైలంలో తింటా, డెబ్భై ఐదు కిలోమీటర్లేగా" అన్నాడు. వటవర్లపల్లి దగ్గర రోడ్డు పక్కన చెంచుల దుకాణాలుంటాయి. మల్లెల తీర్థం వెళ్లేవాళ్లు అక్కడే ఆగుతారు. ఒకామె సీసా చేతికిచ్చి, "అడవి తేనె, తీస్కపో అక్కా" అంది. కొన్నాను. తమ్ముడు ఆగకుండా ముందుకెళ్లిపోయాడు.

ఆ తర్వాత రోడ్డు పడుతూ లేస్తూ పోతుంది. ఎక్కుడూ పెద్దది కాదు, దిగుడూ పెద్దది కాదు, కానీ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటుంది. ఒంట్లో ఉన్నదంతా లాగేసే రోడ్డు ఇలాంటిదే. తొమ్మిదిన్నర ప్రాంతంలో వాణ్ని అందుకున్నాను. మామూలుగా వాడు నాకు దొరకడు. అప్పుడే అనుమానం వచ్చింది.

పక్కకి వెళ్లి పలకరిస్తే జవాబు లేదు. రెండోసారి పిలిస్తే, "ఏంటక్కా, ఊరికే పిలుస్తావ్!" అని విసుక్కున్నాడు. నాతో ఎప్పుడూ అలా మాట్లాడే పిల్లాడు కాదు. ఎక్కుడులో గేరు మార్చడం మర్చిపోయి బరువుగా తొక్కుతున్నాడు. సైకిల్ రోడ్డు మధ్యకి వంకర పోతోంది. ఎదురుగా బస్సు హారన్ కొడితే గానీ పక్కకి రాలేదు. గట్టిగా అరిచి కల్వర్టు దగ్గర ఆపించాను.

దిగగానే కాళ్లు తడబడ్డాయి. కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి చేయి పట్టుకున్నాను. చేయి చల్లగా ఉంది, చెమటతో తడిసి ఉంది. బాటిల్ మూత తీయబోతే వేళ్లు వణికి చేతిలోంచి జారిపోయింది. పెదాలు కూడా వణుకుతున్నాయి. "ఎందుకో భయంగా ఉందక్కా" అన్నాడు చిన్న గొంతుతో.

ఆ భయం, ఆ వణుకు, ఆ ముచ్చెమటలు అన్నీ ఒకే చోటు నుంచి వస్తాయి. రక్తంలో గ్లూకోజ్ తగ్గితే ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది. కాలేయంలో మిగిలిన కాస్త నిల్వ బయటకు లాగడానికి అది పనికొస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, కారణం లేని కంగారు దాని పనే. ఇంకా తగ్గితే దెబ్బ మెదడు మీద పడుతుంది. మాట తడబడుతుంది, కోపం వస్తుంది, చూపు మసకబారుతుంది, చేసే పని తెలియదు. తాగినవాడని పొరబడేంతగా మారిపోతారు. ఆసుపత్రిలో షుగర్ పేషెంట్లలో ఎన్నోసార్లు చూశాను. నా తమ్ముడిలో, ఫోన్ సిగ్నల్ లేని అడవిలో చూడటం వేరు.

నీళ్లతో వేలు కడిగి తుడిచి చుక్క తీశాను. మీటరు 56 చూపించింది. 70 కన్నా తక్కువంటేనే షుగర్ తగ్గినట్టు. 54 కన్నా దిగిందంటే ప్రమాదం దగ్గరపడినట్టు.

కొన్ని నీళ్లలో మూడు పెద్ద చెంచాల గ్లూకోజ్ పొడి కలిపి తాగించాను. పైన రెండు చెంచాల తేనె నాకించాను. ఈ సమయంలో పల్లీ పట్టీ, చాక్లెట్ ఇవ్వకూడదు. వాటిలో కొవ్వు ఉంటుంది, చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. ముందు నేరుగా తియ్యదనం, ఓ పదిహేను గ్రాములకి తగ్గకుండా. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. షుగర్ పెరగకపోతే ఇంకోసారి అంతే ఇవ్వాలి. మనిషికి స్పృహ ఉండి, మింగగలిగితేనే నోట్లో పెట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో తేనె పోసినా, నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయడానికి ఎవరినైనా పంపాలి.

శ్రీశైలం వైపు వెళ్తున్న ఆర్టీసీ బస్సు ఆగింది. డ్రైవర్ కిందికి దిగి, "ఏమైందమ్మా, ఎక్కించుకోమంటారా?" అని అడిగాడు. ఇంకో పదిహేను నిమిషాలు చూస్తానన్నాను. కండక్టర్ తన సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసి ఇచ్చి, దోమలపెంటలో ఎవరికైనా చెప్పి పెడతానన్నాడు. వాళ్లిద్దరి పేర్లు అడగలేదు, మొహాలు మాత్రం మర్చిపోను.

పదిహేను నిమిషాలకి 84. వణుకు ఆగింది. వాడు చుట్టూ చూసి, "మనం ఎంతసేపట్నుంచి ఇక్కడున్నాం?" అన్నాడు. నన్ను విసుక్కున్నది వాడికి గుర్తే లేదు. అప్పుడు అరటిపండ్లు, బిస్కెట్లు తినిపించాను. తీపి ఒక్కటే ఇచ్చి వదిలేస్తే గంటలో మళ్లీ పడిపోతుంది, వెనకాల కడుపులో గట్టి తిండి ఉండాలి. ఈలోపు బిస్కెట్ల వాసనకి కోతులు చేరాయి, వాటిని అదిలించడం ఇంకో పని.

ముప్పావుగంట ఆగి దోమలపెంట దాకా నెమ్మదిగా తొక్కాం. అక్కడ వాడు ఆరు ఇడ్లీలు, సాంబారు, రెండు గ్లాసుల చక్కెర టీ పట్టించాడు. ఈగలపెంట నుంచి ఆనకట్ట దాకా దిగుడు. కింద కృష్ణ లోతుగా, రాళ్ల మధ్య పచ్చగా కనపడుతుంది. వంతెన దాటాక సుండిపెంట మీదుగా మళ్లీ ఎక్కుడే. నేను గడియారం చూసి ఇరవై నిమిషాలకోసారి చేయి చాపాను, వాడు మాట్లాడకుండా తీసుకుని తిన్నాడు. మధ్యాహ్నం రెండింటికి శ్రీశైలం.

రాత్రి సత్రం గదిలో వాడే అడిగాడు, "షుగర్ జబ్బు లేనివాళ్లకి ఇలా అవుతుందని ఎప్పుడు తెలిసిందక్కా?"

1924లో బోస్టన్ మారథాన్ అయిపోయాక అక్కడి డాక్టర్లు కొందరు పరుగువీరుల రక్తం పరీక్షించారు. సోలిపోయి, వణుకుతూ, పాలిపోయి వచ్చినవాళ్లలో గ్లూకోజ్ బాగా తక్కువగా ఉంది. మరుసటి ఏడాది అదే పరుగుకి ముందు రోజు పిండిపదార్థాలు బాగా తినిపించి, దారిలో మిఠాయి ముక్కలు ఇచ్చారు. పరిస్థితి ఎంతో మెరుగుపడింది. నూరేళ్లు దాటిన విషయం. ఇప్పటికీ నీలాంటివాళ్లు పరగడుపున కొండలెక్కుతున్నారంటే బాధగా ఉంటుందిరా అన్నాను. తిండి మానడం మనోబలం అని చెప్పేవాళ్ల మీద నాకు కోపం కూడా ఉంది. పూట రెండు గంటలు తొక్కి ఇంటికొచ్చేవాడికి అది నడుస్తుందేమో. రోజంతా రోడ్డు మీదుండేవాడికి నడవదు.

మూడో రోజు: శ్రీశైలం – మార్కాపురం

ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలం నడిచి వస్తారు. ఊరంతా వాళ్లే. పాదాలకి గుడ్డలు చుట్టుకున్నవాళ్లు, కర్రల మీద నడిచేవాళ్లు, నిద్రలోనే మల్లయ్యని తలుచుకునేవాళ్లు. ఒక గుడారం దగ్గర జొన్నరొట్టె, పల్లీల పొడి, పచ్చి ఉల్లిపాయ పెట్టారు. తమ్ముడు మూడు రొట్టెలు తిన్నాడు. ఆ పెద్దాయన ఇంకోటి వడ్డిస్తూ కన్నడంలో ఏదో అన్నాడు. మాకు అర్థమైంది ఒక్క 'తిను' మాత్రమే.

మళ్లీ నల్లమల, ఈసారి ఆంధ్ర వైపు. శిఖరం దగ్గర ఎక్కుడు అయిపోయాక దోర్నాల దాకా ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు, బ్రేకు వదలడానికి లేదు. కింద ఆగేసరికి తమ్ముడి రెండు చేతులూ వణుకుతున్నాయి. వాడి మొహంలో రంగు పోయింది. "మళ్లీ వచ్చిందక్కా!"

మీటరు పెట్టాను, 112. చెమట లేదు, దడ లేదు, మాట తిన్నగానే ఉంది. వణుకు చేతుల్లోనే ఉంది, కాళ్లలో లేదు. గంటసేపు బ్రేకులు నొక్కిపట్టి ముంజేతి కండరాలు అలిసిపోయాయి, అంతే. వేళ్లు విదిలించి, మోచేతులు రుద్దుకుంటే పది నిమిషాల్లో పోయింది. వణుకులన్నీ ఒకటి కావు.

దోర్నాల దాటాక అడవి అయిపోయి బీడు మొదలవుతుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన నేల ఇది. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఇక్కడివాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు తాగకుండా ఊరూరా క్యాను నీళ్లే బాటిళ్లలో నింపుకున్నాం. చలివేంద్రాలు అప్పుడే పెడుతున్నారు. ఒక చోట కుండనీళ్లు, ఇంకో చోట మజ్జిగ. మార్కాపురం పలకల ఊరు, మా తరం అక్షరాలు దిద్దింది ఆ పలకల మీదే. సాయంత్రం చెన్నకేశవస్వామి గుడి చూసి, మెస్సులో అన్నం తిని పడుకున్నాం.

నాలుగో రోజు: మార్కాపురం – ఒంగోలు

అసలు పరీక్ష అడవిలో అయిపోయిందనుకున్నాం. కాదు.

వంద కిలోమీటర్ల లోపే, కొండలు లేవు. అందుకని తీరిగ్గా ఏడున్నరకి బయల్దేరాం. తమ్ముడు రెండో రోజు పాఠం బాగా ఒంటబట్టించుకున్నాడు. రెండు బాటిళ్లలోనూ గ్లూకోజ్ పొడి చిక్కగా కలిపాడు. జేబుల నిండా బెల్లం, బిస్కెట్లు. పొదిలి చేరేసరికి పదకొండు దాటింది. ఎండ నెత్తిమీద, సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. ఎదురుగాలిలో చెమట వెంటనే ఆరిపోతుంది, అందుకే ఎంత పోతోందో తెలియదు. వాడి నల్ల బనీను వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కట్టాయి. పొద్దున్నుంచి మూత్రానికి వెళ్లావా అని అడిగితే, "రావట్లేదు" అన్నాడు.

ఎండలో తొక్కేవాడికి గంటకి లీటరు చెమట పోవడం మామూలే. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. అంటే వంటింటి ఉప్పు దగ్గర దగ్గర అర చెంచా. ఒంటి బరువులో నూటికి రెండు వంతులు నీరుగా పోతే చాలు, తొక్కే శక్తి పడిపోవడం మొదలవుతుంది. 70 కిలోల మనిషికి అది లీటరున్నర కన్నా తక్కువే. పొదిలిలో కాసేపు ఆగి ఉప్పు మజ్జిగ తాగుదామన్నాను. వాడు ఒక గ్లాసు తాగి, "చల్లబడ్డాక ఒంగోల్లో తాగుదాం" అన్నాడు.

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు. బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచమంతా ఇక్కడి నుంచే పోతుంది. ఇల్లంత రాళ్లు మోసే లారీలు, వాటి వెనక దుమ్ము. నీడ లేదు. ఊరు ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా వాడికి పిక్క పట్టేసింది. దిగి నిలబడగానే కళ్లు తిరిగి హ్యాండిల్ మీద వాలిపోయాడు. చేతులు వణుకుతున్నాయి.

"అక్కా, షుగర్ డౌన్ అయింది. గ్లూకోజ్ ఇవ్వు."

పక్కనే టైరు పంక్చర్ల కొట్టు. రేకుల పందిరి కింద మంచం ఖాళీ చేసి ఇచ్చాడు కొట్టు అతను. మీటరు పెడితే 196. నమ్మలేదు. పొద్దున్నుంచి గ్లూకోజ్ పొడి కలుపుతున్న వేలది. వేలికంటిన పొడి చాలు మీటరుని మోసం చేయడానికి. చేయి సబ్బుతో కడిగి, తుడిచి, ఇంకో వేలు మీద చూస్తే 121. షుగర్ సరిపడా ఉంది. ఇప్పుడు ఇంకా గ్లూకోజ్ ఇస్తే మేలు జరగదు, కీడే జరుగుతుంది.

మిగతావి చూశాను. నాలుక తడారిపోయి ఉంది. చర్మం వేడిగా ఉంది, మొన్నటి చల్లటి చెమట కాదు. కూర్చుంటే నాడి 108, లేచి నిలబడితే 140. ఒంట్లో నీరు తగ్గితే రక్తం పలచనై కాదు, మొత్తంగానే తగ్గిపోతుంది. ఉన్న కాస్త రక్తాన్ని తిప్పడానికి గుండె పరుగులు పెడుతుంది. జ్వరం చూస్తే 38 డిగ్రీల సెల్సియస్ లోపే. ఊరు, తేదీ, పిన్ని ఫోన్ నంబరు అడిగితే తడుముకోకుండా చెప్పాడు. అది ముఖ్యం. మాట తేడా వచ్చి, ఒళ్లు 40 డిగ్రీలకి చేరితే వడదెబ్బ. అప్పుడు తాగించడం కోసం ఆగకూడదు. ఒళ్లంతా నీళ్లు పోసి, విసిరి, ముందు చల్లబరుస్తూ 108ని పిలవాలి. మావాడు ఆ గీతకి ఇవతలే ఉన్నాడు.

చిక్కటి గ్లూకోజ్ నీళ్లు చేసిన చెరుపు ఇక్కడే ఉంది. కడుపులోకి పోయిన ద్రవంలో చక్కెర మరీ ఎక్కువైతే పేగు దాన్ని పీల్చుకోలేదు. పైగా దాన్ని పలచన చేయడానికి ఒంట్లోని నీళ్లనే పేగులోకి లాగుతుంది. అందుకే వాడికి కడుపు బరువుగా ఉండి నీళ్లు తాగబుద్ధి కాలేదు. సోడియం, గ్లూకోజ్ సమపాళ్లలో ఉంటే పేగు గోడ రెండిటినీ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లు పోతాయి. ఓఆర్ఎస్ రహస్యమంతా అంతే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధప్పుడు బంగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి కలరా రోగులకి తాగించాడు. ముప్పై శాతం చేరిన మరణాలు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇవ్వాల్సిందని నేనిప్పటికీ అనుకుంటాను.

లీటరు నీళ్లలో ఒక పొట్లం పూర్తిగా కలిపాను. సగం పొట్లం, గ్లాసు నీళ్లు అని కొలత మార్చకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన లెక్క ప్రకారం లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. కొట్టు అతను మంచి మనసుతో ఊళ్లోకి పోయి రంగు డబ్బా డ్రింకు తెస్తానన్నాడు. వద్దన్నాను. ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలా పేరు పెట్టడాన్ని ఆపించింది. ఆ వార్త వచ్చిన రోజు మా వార్డులో అందరం సంబరపడ్డాం. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అంతకన్నా ఏమీ వద్దు.

గుక్కగుక్కగా తాగించాను. మెడ మీద, చంకల్లో తడి తువ్వాలు. పిక్క మెల్లగా సాగదీశాను. కొట్టు అతని భార్య చెంబు నిండా పలచటి మజ్జిగ తెచ్చి, "ఉప్పు బాగానే ఏశానమ్మా" అంది. కొబ్బరి బోండాలు కూడా తెప్పించింది. బోండాంలో పొటాషియం బోలెడు, సోడియం తక్కువ. అందుకే ఒక్కో దాంట్లో చిటికెడు ఉప్పు వేసి ఇచ్చాను.

ఉత్త నీళ్లు ఎన్ని తాగించినా సరిపోతుందిగా అని కొట్టు అతను అడిగాడు. సరిపోదు. చెమటలో ఉప్పు పోయినవాడు ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, వేళ్లు ఉబ్బడం, ముదిరితే ఫిట్స్. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో నూటికి 13 మందికి సోడియం తగ్గిందని తేలింది. దాహమే సరైన కొలత. దాహం వేసినప్పుడు తాగాలి, ఉప్పుతో తాగాలి.

గంటన్నరకి వాడి నాడి 84కి వచ్చింది. నిలబడితే కళ్లు తిరగలేదు. కొట్టు అతను డబ్బులు తీసుకోనన్నాడు. మా ఇద్దరి సైకిళ్ల ట్యూబుల్లో గాలి కొట్టించుకుని దానికైనా తీసుకోమంటే పది రూపాయలు తీసుకున్నాడు. నాలుగున్నర దాకా ఆగి, ఎండ వాలాక బయల్దేరాం. మిగిలిన ఇరవై పైచిలుకు కిలోమీటర్లు రెండు గంటలు పట్టింది. తొందర లేదు.

ఒంగోలు లాడ్జి కింద మందుల షాపులో బరువు మిషను ఉంది. ఇంట్లో బయల్దేరేటప్పుడు 71 ఉన్నవాడు, అంత తాగించాక కూడా 69.4. రాత్రి చారు అన్నం, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ తిన్నాడు. తొమ్మిదిన్నరకి మూత్రానికి వెళ్లొచ్చి, "పసుపు నీళ్లలా ఉందక్కా" అని చెప్పాడు. ఇంకో అర లీటరు ఓఆర్ఎస్ కలిపిచ్చాను. పడుకునే ముందు మళ్లీ వెళ్లొచ్చాడు, రంగు తేలిపోయింది.

మర్నాడు పొద్దున్న స్టేషన్లో సైకిళ్లు లగేజీ వ్యానుకి బుక్ చేస్తున్నప్పుడు వాడు ఫారం నింపుతూ మధ్యలో ఆపి, "ఆదివారం ఇంటికి రా అక్కా, అమ్మ చేత పప్పన్నం పెట్టిస్తా" అన్నాడు. ఫాస్టింగ్‌లో రక్తపరీక్ష కూడా చేయించుకోమన్నాను, ఒకసారి పడిన షుగర్‌కి వేరే కారణం లేదని తేలాలి కదా. సోమవారం చేయించుకుంటానన్నాడు. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ బండి కనిపిస్తే నేను చెప్పకుండానే రెండు ప్లేట్లు తెచ్చాడు.